లెక్కా జ్ఞాపకం ఒక్కచోటే

2016 జులై 21న కువైట్ వాయవ్య ఎడారిలోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. ఆ అంకెను ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఖాయం చేసింది. ఇలాంటి చోట కంప్యూటర్ వాడే కరెంటుకు రెండుసార్లు ఖర్చు పెట్టాలి. ఒకటి లెక్క చేయడానికి, రెండోది ఆ లెక్క పుట్టించిన వేడిని గదిలోంచి బయటికి తోయడానికి. 2024 జూన్‌లో కరెంటు చాలక ఇక్కడ వేళలు ప్రకటించి మరీ కోతలు పెట్టారు. 2025 మార్చిలోనేమో కృత్రిమ మేధ కోసం కువైట్‌లో అజ్యూర్ డేటా సెంటర్లు నెలకొల్పాలన్న ఉద్దేశాన్ని ప్రభుత్వం, మైక్రోసాఫ్ట్ ప్రకటించాయి. ఈ రెండు వార్తలూ చదివినవారికి చిప్‌లో కరెంటు అసలు ఎక్కడ ఖర్చవుతోందన్న ప్రశ్న రాక మానదు.

ఎక్కువ భాగం ఖర్చయ్యేది లెక్క దగ్గర కాదు, రాకపోకల దగ్గర. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ ఎడ్వాక్ యంత్రం కోసం రాసిన నివేదికలో జ్ఞాపకం ఒక భాగం, లెక్క చేసేది మరో భాగం. ఆనాటి నుంచి దాదాపు కంప్యూటర్లన్నీ ఆ దారినే నడిచాయి. 1980లలో కువైట్‌కు చెందిన అల్ ఆలమియా సంస్థ అరబ్బు ఇళ్లకు చేర్చిన ‘సఖర్’ కంప్యూటర్లలోనూ జెడ్80 ప్రాసెసర్ ఒకచోట, మెమరీ చిప్‌లు ఇంకోచోట. కువైట్‌లోని జలీబ్‌లో గది, దూరంగా అహ్మదీలో పని ఉన్న మన తెలుగువాళ్లకు బస్సులో ఎంత పొద్దు పోతుందో తెలుసు. అంకెల బతుకూ అంతే. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన మార్క్ హోరోవిట్జ్ 2014లో ఈ ఖర్చును లెక్కగట్టి చూపారు. 45 నానోమీటర్ల చిప్‌లో రెండు 32 బిట్ల పూర్ణాంకాలను కూడడానికి సుమారు 0.1 పికోజౌల్ చాలు. చిప్ బయటి మెమరీ అయిన డీర్యామ్ నుంచి ఒకసారి అంకెలు తెచ్చుకోవాలంటే వెయ్యి పికోజౌళ్లు దాటుతుంది. న్యూరల్ నెట్‌వర్క్ అంటే ‘వెయిట్లు’ అనే గుణకాల రాశి, పెద్దవాటిలో అవి కోట్లకు కోట్లు. ఒక్కో జవాబు కోసం వాటిని మెమరీ నుంచి మోసుకొస్తూనే ఉండాలి.

విశేషమేమిటంటే, మొదటి న్యూరల్ యంత్రాలకు ఈ తిప్పలే లేవు. ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ అమెరికాలోని బఫెలోలో కట్టించిన ‘మార్క్ 1 పర్సెప్ట్రాన్’ 1960లో జనం ముందుకు వచ్చింది. దానికి 400 కాంతి ఘటాలే కళ్లు. నేర్చుకున్నదంతా పొటెన్షియోమీటర్లలో ఉండేది. పాత రేడియోలో శబ్దం పెంచే మర లోపల ఉండేది అదే. చిన్న మోటార్లు ఆ మరలను తిప్పేవి. మర ఆగిన చోటే జ్ఞాపకం, దాని గుండా పారిన కరెంటే గుణకారం. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో బెర్నార్డ్ విడ్రో, టెడ్ హాఫ్ పెన్సిల్ ములుకు మీద రాగి పూత పెంచుతూ తగ్గిస్తూ నిరోధాన్ని మార్చే ‘మెమిస్టర్’ చేశారు. 1961లో జర్మనీలో కార్ల్ స్టైన్‌బుఖ్ అడ్డగీతలూ నిలువుగీతలూ కలిసే ప్రతి కూడలిలో ఒక గుణకాన్ని నిలిపే ‘లెర్న్‌మాట్రిక్స్’ వివరించాడు. నేటి పరిశోధనాపత్రాల్లోని బొమ్మలన్నింటికీ పూర్వ రూపం అదేనని నా నమ్మకం.

ఆ అల్లిక అందం చూడండి. అడ్డగీతల మీద వోల్టేజి రూపంలో ఇన్‌పుట్లు వస్తాయి. కూడలిలోని వాహకత్వంతో వోల్టేజి గుణించుకుని కరెంటవుతుంది, అది ఓమ్ సూత్రం. నిలువుగీతలో ఆ కరెంట్లన్నీ తమంత తామే కలుస్తాయి, అది కిర్కాఫ్ సూత్రం. వందల గుణకారాలూ వాటి కూడికా ఒక్క ఊపులో, వెయిట్లు కదలకుండానే ముగుస్తాయి.

ఇంత చక్కటి ఆలోచన పక్కకు పోవడానికి కారణం డిజిటల్ చిప్‌లు ఏటేటా చవకై వేగం పెంచుకోవడమే. 1970లో హెరాల్డ్ స్టోన్ మెమరీలోనే తర్కం ఉండే కంప్యూటర్ గురించి రాసినా, 1989లో ఇంటెల్ ‘ఈటాన్’ అనే అనలాగ్ న్యూరల్ చిప్ తెచ్చినా గాలి ఇటు మళ్లలేదు. 1971లో లియాన్ చువా కాగితం మీద ఊహించిన, పారిన కరెంటును బట్టి నిరోధం మార్చుకుని గుర్తుంచుకునే మెమ్రిస్టర్‌ను టైటానియం డయాక్సైడ్ పొరలో చూశామని 2008లో హెచ్‌పీ ల్యాబ్స్ ప్రకటించాక మళ్లీ కదలిక వచ్చింది. 2018 నాటికి ఈ రంగంలో పని ఎంత పెరిగిందో చూడాలంటే, హైదరాబాద్ ఐఐటీలో ఉండగా స్పర్శ్ మిట్టల్ ప్రచురించిన సమీక్షావ్యాసం తిరగేయవచ్చు.

అయితే మెమరీలోనే లెక్క చేసినంత మాత్రాన కరెంటూ చోటూ కలిసి రావు. నిలువుగీత చివర చేరిన కరెంటును తిరిగి అంకెగా మార్చే ఏడీసీ ఉండాలి కదా. యూటా విశ్వవిద్యాలయం, హెచ్‌పీ కలిసి 2016లో రూపొందించిన ‘ఐజాక్’ అనే చిప్ నమూనాలో ఒక్కో టైల్, అంటే చిప్‌లోని ఒక్కో ఖండం, వాడే విద్యుత్తులో సగానికి పైగా ఏడీసీలే తినేశాయి. ప్రాసెసర్ చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ ఎస్‌ర్యామ్‌తో చేద్దామంటే ఇంకో చిక్కు. మామూలు ఆరు ట్రాన్సిస్టర్ల సెల్‌లో ఒకేసారి అనేక వరసలు తెరిస్తే దాచిన బిట్లు చెదిరే ప్రమాదం. ఎనిమిది, పది ట్రాన్సిస్టర్లకు పెంచితే చోటు పెరుగుతుంది. ప్రిన్స్‌టన్‌లో నవీన్ వర్మ బృందం కరెంటుకు బదులు విద్యుదావేశాన్ని కలపడం మొదలుపెట్టింది. దానికి కావలసిన కెపాసిటర్లను సెల్ పక్కన కాకుండా దానిమీది లోహపు పొరల్లో పరిచింది. నాకు అన్నింటికన్నా నచ్చిన ఉపాయం ఇది. చోటు దాదాపుగా కలిసి వచ్చింది, పైగా లోహపు గీతల కొలతలు ట్రాన్సిస్టర్ల గుణాల కన్నా నిలకడైనవి.

ఆ నిలకడ గురించే కువైట్‌లో ఉన్నవారు పట్టుబట్టి అడగాలి. 2023లో ఐబీఎం చూపిన 64 కోర్ల చిప్, పదార్థపు స్థితిని మార్చి వెయిట్లు దాచే ఫేజ్ ఛేంజ్ రకానిది, సిఫార్10 అనే పరీక్షా సమితిలోని బొమ్మలను 92.81 శాతం సరిగ్గా గుర్తించింది. కానీ ఆ పదార్థపు నిరోధం కాలంతోనూ ఉష్ణోగ్రతతోనూ మారుతుంది. చమురు బావి దగ్గర ఎండలో పెట్టే సెన్సర్‌కు ఇలాంటి చిప్ వేయాలంటే, వెయిట్లు తప్పిపోకుండా సరిదిద్దే సర్క్యూట్లు అదనంగా కావాలి. వాటికీ చోటూ కరెంటూ కావాలి. కొత్త చిప్ పత్రం చేతికొస్తే, ఒక వాటుకు ఎన్ని లెక్కలన్న అంకెతో పాటు ఏ ఉష్ణోగ్రత వరకు పరీక్షించారన్నదీ నేను వెతుకుతాను.