పెట్టె కొత్తది, పొగ పాతదే

సంఘం విందులో స్మోకర్ కోడి మన వంట కాదని కొందరు సభ్యుల అభ్యంతరం. ఆ పెట్టె పరాయిదే, కాదనను. పొగ మాత్రం కాదు.

బీదరు 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలోది. ఆనాడు భాషను బట్టి జిల్లాను పంచితే నారాయణఖేడ్, జహీరాబాద్ తెలుగువైపు, ఉద్గీర్ మరాఠీవైపు పోయాయి. బీదరు మైసూరుకు వచ్చింది. ధుంగార్‌ను ఎవరూ పంచలేకపోయారు. వండిన మాంసం నడుమ చిన్న గిన్నె, అందులో నిప్పుకణిక, దానిమీద నెయ్యి చుక్క, వెంటనే మూత. నిమిషాల్లో ముక్కకు పొగవాసన పడుతుంది. (మాట తెలుగు కాదు, నిజమే. మన నాలుకకు ఆ పట్టింపు లేదు.)

తేడా ఒకటుంది. ధుంగార్‌లో పొగ చివర వచ్చే పరిమళం. కూర అప్పటికే ఉడికి ఉంటుంది. స్మోకర్‌లో మొదటినుంచీ పొగ, దాంతోపాటే 120 డిగ్రీల దరిదాపుల్లో నిదానపు వేడి. కోడిని వెన్నెముక కోసి, తీసేసి, రొమ్మెముక నొక్కి పరిచేది ఇందుకే. గుండ్రంగా ఉంచితే తొడ ఉడికేసరికి రొమ్ము ఎండిపోతుంది. పరిస్తే రెండూ దాదాపు ఒకేసారి అవుతాయి. ఎముక దగ్గర కూడా 74 డిగ్రీలు దాటాలి, ఇందులో మొహమాటం వద్దు.

విందుకు నా ఓటు పడింది. కట్టె బాగా ఎండిన మామిడిది తెండి. పచ్చికట్టె పొగ చేదు.