లెక్కకు రాని చాకిరీ



1961 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి 28 మంది ఆడవాళ్లు పనిచేసేవాళ్లు. 1971 లెక్కలు వచ్చేసరికి ఆ సంఖ్య ఇంచుమించు సగానికి పడిపోయింది. మగవాళ్ల సంఖ్య మాత్రం 57 నుంచి 53 దాకా తగ్గి ఆగింది. మరి ఆ పదేళ్లలో ఏం జరిగింది? కోట్లాది ఆడవాళ్లు కొడవళ్లు పక్కన పడేసి, కలుపు తీయడం మానేసి, కాళ్లు బారజాపుకుని కూర్చున్నారా? లేదండీ. పని మారలేదు, అడిగిన ప్రశ్న మారింది.

1961లో వ్యవసాయం, పాడి, ఇంటి పరిశ్రమ వంటి పనుల్లో, సీజనులో ఎక్కువ భాగం రోజుకు ఒక గంటకు మించి పనిచేస్తే చాలు, ఆ మనిషిని పనివారిగా రాసుకున్నారు. 1971లో ముందుగా "మీ ముఖ్యమైన పని ఏమిటి?" అని అడిగారు. నాట్లకూ కోతలకూ వెళ్లే ఇల్లాలైనా సరే, ముఖ్యమైన పని అనేసరికి వంటా వార్పూ, పిల్లలూ అని చెబుతుంది కదా! పైగా జవాబు చెప్పేది అన్నివేళలా ఆవిడే కాదు. వీధి అరుగు మీద కూర్చున్న ఇంటాయన, "మా ఆవిడా? ఏం చేస్తుందండీ, ఇంట్లోనే ఉంటుంది" అనేస్తే అక్కడితో సరి. ఆవిడ పనిచేయనివారి జాబితాలోకి వెళ్లిపోతుంది.

పోచంపల్లి చీరనే తీసుకోండి. మగ్గం మీద కూర్చున్న మగవాడు నేతగాడు. కండెలు చుట్టి, ఆసు పోసి, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడించి భుజాలు పడిపోయిన ఇల్లాలు మాత్రం "సాయం చేస్తుంది". చీర ఇద్దరిదీ, వృత్తి ఒకరిదీ!

ఈ తేడా పెద్దల కంట పడకపోలేదు. మన దేశంలో స్త్రీల స్థితిగతులను పరిశీలించిన ప్రభుత్వ సంఘం 1974లో 'సమానత్వం వైపు' అనే నివేదిక ఇచ్చాక చర్చ బాగా పెరిగింది. 1981లో ఏడాదికి 183 రోజులు, అంతకు మించి పనిచేసినవారిని ముఖ్య పనివారు అనీ, అంతకు తక్కువైతే ఉపాంత పనివారు అనీ విడదీసి, ఇద్దరినీ లెక్కవేశారు. 1991లో ప్రశ్న పక్కనే "పొలంలో గాని, కుటుంబ వ్యాపారంలో గాని జీతం లేకుండా చేసే పనితో సహా" అన్న మాటలు చేర్చారు. ఆడవాళ్ల సంఖ్య 1981లో నూటికి 20కి, 1991లో 22కి, 2001లో 25న్నరకు చేరింది. 2011లోనూ అంతే.

సరే, పొలం పనీ కొట్టు పనీ లెక్కకు వచ్చాయి. మరి మన వంటిల్లో? ప్రభుత్వ నమూనా సర్వేల్లో ఒక్కొక్క పనికి ఒక్కొక్క అంకె ఉంటుంది. ఇంటిపని మాత్రమే చేసే వారికి 92. ఇంటిపనితో పాటు కట్టెలు, పశువుల మేత ఏరి తెచ్చేవారికీ, ఇంటి వాడకానికి బట్టలు కుట్టేవారికీ 93. రెండూ శ్రామికుల లెక్కకు వెలుపలే! ఇంగ్లండు ఆర్థికవేత్త పిగూ 1920లోనే దీన్ని ఎత్తి చూపించాడు. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే వంటావిడను పెళ్లాడితే దేశ ఆదాయం తగ్గిపోతుందన్నాడు. వంట అదే, వడ్డన అదే, జీతం ఒక్కటే పోయింది.

2019లో దేశమంతటా జరిగిన కాలవినియోగ సర్వే ఈ చాకిరీని నిమిషాల్లో కొలిచింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు అప్పట్లో సగటున రోజుకు 299 నిమిషాలు, అంటే దాదాపు అయిదు గంటలు దానికే పెట్టేవారు. ఆ పని చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు.

"లెక్కలో ఉంటే ఏం, లేకపోతే ఏం?" అంటారా? ఈ లెక్క కోర్టుల దాకా వెళ్లింది మరి. రోడ్డు ప్రమాదంలో ఒక ఇల్లాలు చనిపోతే నష్టపరిహారం ఎంత? సంపాదన లేని మనిషి కదా అని కింద రెండున్నర లక్షలు కట్టారు. 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఆరు లక్షలు చేసింది. 2001 జనాభా లెక్కల్లో గృహిణులను బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి పనిచేయనివారిలో చేర్చడాన్ని జస్టిస్ గంగూలీ ఆ తీర్పులోనే తప్పుపట్టారు. 2021 జనవరిలో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ మరో తీర్పులో ఇందాక చెప్పిన నిమిషాల లెక్కనే ఉదహరించి, ఇల్లాలి పనికి విలువ కట్టి తీరాలన్నారు. తల్లి పోయిన పిల్లలకు ఎంత ముట్టాలన్నది ఈ అంకెల మీద ఆధారపడి ఉంటుందన్న మాట.

2021లో జరగవలసిన జనాభా లెక్కలు వాయిదా పడ్డాయి. 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కిస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. లెక్కలు రాసేవారు మన గుమ్మంలోకి వచ్చినప్పుడు, వంటింట్లోంచి తొంగిచూసి ఊరుకోకండి. ముందుకు వచ్చి మీ జవాబు మీరే చెప్పండి. పచ్చళ్లు పట్టి అమ్ముతారా? జాకెట్లు కుట్టి ఇస్తారా? ట్యూషన్లు చెబుతారా? సాయంత్రం పూట మీ వారి కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారా? అన్నీ దాచకుండా చెప్పండి. "ఇంట్లోనే ఉంటాను" అన్న ఒక్క మాటతో మాత్రం సరిపెట్టకండి.