దివాన్ దేవిడీ (పత్తర్‌గట్టి)

హైదరాబాదు పాతబస్తీలో పత్తర్‌గట్టి బజారును ఆనుకొని ఉన్న సాలార్‌జంగుల భవన సముదాయం. నిజాం ప్రభుత్వంలో దివాన్లుగా, అంటే ప్రధానమంత్రులుగా, పనిచేసిన వంశమిది. 1951 నుంచి 1968 వరకు సాలార్‌జంగ్ మ్యూజియం ఇక్కడే నడిచింది. భవనాల్లో అధికభాగం నేడు లేదు.

కట్టిన కాలం గురించి ఏకాభిప్రాయం లేదు. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో దివానుగా ఉన్న మీర్ ఆలం కాలానిదని కొందరు, మొదటి సాలార్‌జంగ్ (దివానుగా 1853–1883) కట్టించాడని మరికొందరు రాశారు. తరతరాలుగా చేర్పులు జరిగిన ఇంటికి ఒకే నిర్మాతను వెతకడం కంటే, మీర్ ఆలం నాటి కట్టడాలకు సాలార్‌జంగులు తమ భాగాలు జోడించారనడమే సమంజసం. అద్దాల ఐనాఖానా, పింగాణీ పొదిగిన చీనీఖానా, కొయ్యపనితో కట్టిన లక్కడ్‌కోట్ ఇందులోని పేరుపడ్డ భాగాలు. పత్తర్‌గట్టి రాతి కమానుల దుకాణాలు వీటికంటే చాలా తర్వాతివి. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి చేపట్టిన పనుల్లో అవి భాగం.

ఈ ఇంట్లో చేరిన వస్తువులను అంతర్జాతీయ ప్రదర్శనల యుగంతో కలిపి చూడాలి. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన మహా ప్రదర్శనలో దేశాలు తమ సరుకును, తమ ఘనతను పక్కపక్కన పరిచాయి. అక్కడ జనం ఎగబడి చూసిన కోహినూరు పుట్టిల్లు కృష్ణా తీరంలోని కొల్లూరు గని అన్నది ఎక్కువమంది అంగీకరించే మాట. అయినా దాన్ని అక్కడ పెట్టింది గోల్కొండ పేరున కాదు, బ్రిటన్ రాణి సొత్తుగా. వరంగల్ తివాచీ కూడా ఆ ప్రదర్శనకు వెళ్లింది. దాని పనితనాన్ని ఆనాటి ఆంగ్ల రచయితలు మెచ్చుకున్నారు. నేసిన చేతుల పేర్లు మాత్రం వాళ్ల రాతల్లోకి ఎక్కలేదు. దక్కను పనితనం పరదేశపు గుడారంలో, ఎవరో రాసిన చీటీ కింద నిలబడింది.

దేవిడీలో ఈ ప్రయాణం ఎదురు దిక్కున సాగింది. యూరప్ కళ పత్తర్‌గట్టికి వచ్చింది. 1876లో మొదటి సాలార్‌జంగ్ యూరప్ వెళ్లినప్పుడు రోములో ఇటలీ శిల్పి జోవన్నీ మరియా బెంజోని చెక్కిన ‘మేలిముసుగు రెబెకా’ను కొన్నాడు. పాలరాతిలో పలుచని ముసుగును తలపించే ఈ బొమ్మను బెంజోని ఒకటికి మించి చెక్కాడు. అమెరికా మ్యూజియాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. కాబట్టి ‘ప్రపంచంలో ఇదొక్కటే’ అనే ప్రచారాన్ని పక్కన పెట్టాలి. బొమ్మ అందానికి దానివల్ల తరుగేమీ లేదు.

సేకరణలో పెద్ద భాగం మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) హయాంలో చేరింది. 1912లో దివాను అయి, 1914లో పదవి వదిలిన తర్వాత ఆయన జీవితమంతా సేకరణకే పోయింది. మ్యూజియాన్ని ‘ఒకే మనిషి సేకరణ’ అనడం వాడుకే గాని పూర్తిగా నిజం కాదు. రెబెకా ఆయన పుట్టుకకు ముందే వచ్చింది. తాత, తండ్రి, మనుమడు ముగ్గురి చేతులూ ఇందులో ఉన్నాయి.

1949 మార్చి 2న ఆయన సంతానం లేకుండా చనిపోయాడు. సంస్థానం భారత యూనియన్‌లో కలిసి అప్పటికి ఆరు నెలలైనా కాలేదు. ఎస్టేటు కమిటీ పర్యవేక్షణలో, కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్ సాయంతో వస్తువులను సర్ది, 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం తెరిచారు. లోపలికి రానివ్వకపోవడాన్ని తెలుగులో నేటికీ ‘దేవిడీ మన్నా’ అంటాం. ఆ రోజు ఒక దేవిడీ అందరికీ తెరుచుకుంది. మ్యూజియం చరిత్రలో ముఖ్యమైన తేదీ ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 1968లో మ్యూజియం మారిన కొత్త భవనపు తేదీకే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వడం న్యాయం కాదు.

1958లో వారసులు రాజీ ఒప్పందం ద్వారా సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఒక దక్కనీ కుటుంబపు ఇంటి సామాను జాతి సొత్తు కావడానికి పన్నెండేళ్లు పట్టిందన్నమాట.

ఇదే మార్పు నగరంలోని మరో ప్రదర్శనలోనూ కనిపిస్తుంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో పెట్టిన నుమాయిష్ అసలు పేరు ‘మస్నూఆతె ముల్కీ’, అంటే స్థానిక ఉత్పత్తులు. 1946లో అది నాంపల్లికి మారింది. 1947, 1948 సంవత్సరాల్లో జరగలేదు. 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించాడు. ‘అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన’ అనే పేరు కూడా సాధారణంగా ఆ ఏటిదేనంటారు. ‘ముల్కీ’ పోయి ‘అఖిల భారత’ వచ్చింది. జనం నోట మాత్రం ఇప్పటికీ నుమాయిషే.

1968లో మ్యూజియం మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలోని కొత్త భవనానికి మారింది. దేవిడీ కరిగిపోవడం నగరం పోగొట్టుకున్న వాటిలో పెద్దది. ఆ వస్తువులు ఏ గదుల మధ్య, ఏ వెలుతురులో పెరిగాయో చూపే చోటు ఇక లేదు. ద్వారం మిగిలింది. చుట్టూ దుస్తుల టోకు వ్యాపారం సాగుతోంది. అక్కడికి బట్టలు కొనడానికి వచ్చేవాళ్లు ‘దివాన్ దేవిడీ’ అంటే ఆ బజారు పేరుగానే వాడతారు.