విడిభాగాల బేరం: బస్తర్ దారిలో ఆటల కంప్యూటరు

ఒకే కంపెనీ తన ముద్ర వేసి పంపే కంప్యూటరును కాక, ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్ వంటి భాగాలను వేర్వేరు తయారీదారుల నుంచి విడివిడిగా కొని, ఒక క్యాబినెట్‌లో బిగించి తయారుచేసినదాన్ని భారతీయ మార్కెట్లో అసెంబుల్డ్ కంప్యూటరు అంటారు. ఒక గ్రామం కలప తేగా, మరో గ్రామం చెక్కగా, ఇంకొకటి తాళ్లు పేనగా ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పుర్‌లో దసరా రథం నిలబడే తీరు తెలిసిన బస్తర్‌వాసికి ఇది కొత్త ఆలోచన కాదు. కంప్యూటర్ల విషయంలో ఈ పద్ధతికి బీజం 1981 ఆగస్టులో పడింది: ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును ఇంటెల్ 8088 ప్రాసెసరుతో, బజారులో అప్పటికే దొరుకుతున్న భాగాలతో తయారుచేసి, దాని లోపలి అమరికను కూడా ప్రచురించింది. 1984 నాటికి ఫీనిక్స్ వంటి సంస్థలు దానికి దీటైన బయాస్‌ను, అంటే యంత్రాన్ని మేల్కొలిపే తొలి ప్రోగ్రామును, ఎవరికైనా అమ్మడం మొదలుపెట్టాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణాన్ని ప్రకటించి, బోర్డు కొలతలను, స్క్రూల రంధ్రాల చోట్లను సైతం స్థిరపరచడంతో ఒకరి బోర్డు మరొకరి పెట్టెలో నిక్కచ్చిగా ఇమిడింది.

భారతదేశంలో 1984 నవంబరు కంప్యూటర్ విధానం విడిభాగాల దిగుమతికి తలుపు తెరిచింది. 1997లో దేశం సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరాక సుంకాలు దశలవారీగా తగ్గి 2005 నాటికి చాలావరకు తొలగిపోయాయి. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, తెలుగువారికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, అనగా చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఈ వ్యాపారానికి కేంద్రాలయ్యాయి. కొనుగోలుదారు ఒక దుకాణంలో కొటేషన్ రాయించుకొని, అదే కాగితాన్ని పక్క దుకాణంలో చూపి వంద రూపాయలు తగ్గించుకోవడం అక్కడి ఆనవాయితీ. బిల్లుతో ఒక ధర, బిల్లు లేకుండా మరో ధర చెప్పే అలవాటుకు 2017 జులై 1న వచ్చిన జీఎస్టీ కొంత అడ్డుకట్ట వేసింది గానీ, పూర్తిగా వేసిందనడం అమాయకత్వమే.

తక్కువ డబ్బుతో ఆటల కంప్యూటరు కూర్చుకోవడం ఒక విద్యగా మారింది 1990ల చివర్లోనే. తెరమీది బొమ్మలను గీసే భారాన్ని ప్రాసెసరు నుంచి తప్పించే ప్రత్యేక బోర్డే గ్రాఫిక్స్ కార్డు; 1996లో త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ కార్డులు వచ్చాక దానికి విడిగా డబ్బు కేటాయించవలసి వచ్చింది. ఆ డబ్బు ప్రాసెసరు పద్దులో మిగిలేలా చేసింది 1998 ఆగస్టులో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ. బోర్డు ఇచ్చే 66 మెగాహెర్ట్‌జ్ తాళాన్ని, అంటే క్లాకును, నాలుగున్నర రెట్లు చేసి 300 మెగాహెర్ట్‌జ్ వేగంతో నడిచే ఆ చిప్‌లో ఆ రెట్ల సంఖ్యను మార్చడానికి వీలుండదు. అయితే బోర్డు తాళాన్నే 100కు పెంచితే అదే చిప్ 450కి చేరేది, చాలా చిప్‌లు ఆ వేగాన్ని తట్టుకున్నాయి కూడా. ఖరీదైన పెంటియం 2లో సగం వేగంతో నడిచే 512 కిలోబైట్ల క్యాష్, అంటే ప్రాసెసరు చేతికందే చిన్న మెమరీ, ఉండగా, దీనిలో 128 కిలోబైట్లే ఉన్నా అది చిప్‌తో సమానంగా పరుగెత్తేది. చవక వస్తువు ఖరీదైన వస్తువును మించవచ్చునన్న నమ్మకం కుర్రకారులో పాతుకుపోయింది ఇక్కడే. ఆ తరువాతి తరాల కొనుగోళ్లన్నిటిలో దాని జాడ కనిపిస్తుంది.

బస్తర్‌లో ఈ లెక్క మరో తీరుగా సాగుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం జగదల్‌పుర్‌ను సముద్రతీరంతో కలిపింది. రాజధాని రాయపుర్‌కు మాత్రం కేశ్‌కాల్ ఘాట్ మీదుగా దాదాపు 300 కిలోమీటర్ల రోడ్డే దగ్గరి దారి, దక్షిణాన సుక్మా, కుంట దాటితే భద్రాచలం. చెడిన భాగాన్ని వారంటీ కింద మార్పించుకోవాలంటే ఈ దూరాలన్నీ ఖర్చులోకి వస్తాయి. కరెంటు సంగతి అంతకన్నా ముఖ్యం. 2007లో నారాయణపుర్ ప్రాంతంలో మావోయిస్టులు హైటెన్షన్ టవర్లను పేల్చివేసినప్పుడు బస్తర్ రోజుల తరబడి చీకట్లో మగ్గింది. సుక్మా లోతట్టు గ్రామాల్లో కొన్నింటికి ఈ దశాబ్దంలోనే తొలిసారి తీగలు చేరాయి. మామూలు రోజుల్లో సైతం పొడవాటి లైను చివర వోల్టేజీ పడిపోవడం భౌతికశాస్త్ర నియమమే.

అందువల్ల నగరాల్లో జాబితా అడుగున ఉండే ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ నుంచి వచ్చే కరెంటును భాగాలకు తగిన చిన్న వోల్టేజీలుగా మార్చే పెట్టె, ఇక్కడ పైకి రావలసి ఉంటుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద అతికించిన 450 వాట్ల కాగితాన్ని నమ్మడం కన్నా, 2004లో మొదలైన 80 ప్లస్ సామర్థ్య గుర్తింపు ఉండి, 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకొనేదాన్ని ఎంచుకోవడం మేలు. కరెంటు పోయినా కొన్ని నిమిషాలు నిలబెట్టే యూపీఎస్‌లలో 600 వీఏ అని పేరున్నది సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. 2010 నాటి ఎన్‌విడియా జీటీఎక్స్ 480 కార్డు ఒక్కటే 250 వాట్లు తాగేది. 2014 ఫిబ్రవరిలో వచ్చిన జీటీఎక్స్ 750 టీఐ 60 వాట్లతో సరిపెట్టుకొని, బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లలోనే ఇమిడి, చాలా నమూనాల్లో వేరే తీగ కూడా అడగలేదు. 2018 ఫిబ్రవరిలో ఏఎండీ విడుదల చేసిన రైజెన్ 3 2200జీలో వేగా గ్రాఫిక్స్ ప్రాసెసరులోనే కలిసి ఉండడంతో, కార్డు కొనడాన్ని తరువాతి పంట డబ్బుకో బోనసుకో వాయిదా వేసుకొనే వీలు చిక్కింది. బస్తర్ వంటి చోట్లకు ఈ రెండూ, వేగపు పోటీలో ఎన్నడూ ముందు నిలవకపోయినా, అసలైన మలుపులు.

2020, 2021లలో ఎథీరియం అనే డిజిటల్ నాణేల తవ్వకందారులు గ్రాఫిక్స్ కార్డులను గంపగుత్తగా ఎగరేసుకుపోవడంతో ధరలు రెట్టింపు దాటాయి. 2022 సెప్టెంబరు 15న ఆ నాణెం తవ్వకం అవసరంలేని పద్ధతికి మారగానే, నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు సెకండ్‌హ్యాండ్ సరుకుగా బజారున పడ్డాయి. అలాంటి కార్డును విశాఖలోనో సికింద్రాబాద్‌లోనో కొనే జగదల్‌పుర్ కుర్రవాడు, వెనక్కి తెచ్చి మార్చుకొనే అవకాశం తక్కువ గనుక, ఫ్యాన్లు తిరిగే తీరు చూడడానికి దుకాణంలోనే ఒక గంట ఆటాడించి చూపమని అడగవలసి ఉంటుంది.