విశ్వాస స్వేచ్ఛ: పాకిస్తాన్ ఇచ్చిన మాట

1948 డిసెంబరు 10న పారిస్ నగరంలో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. అనుకూలంగా 48 ఓట్లు వచ్చాయి. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. ఎనిమిది దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. వాటిలో సౌదీ అరేబియా ఒకటి. సమితిలో చేరి పదిహేను మాసాలైనా నిండని పాకిస్తాన్ అనుకూలంగా ఓటు చేసింది.

ఈ రెండు ముస్లిం దేశాల మధ్య భేదానికి మూలం 18వ అధికరణం. మతాన్ని మార్చుకునే స్వేచ్ఛ కూడా మనిషికి గలదని అందులో ఉన్నది. సౌదీ ప్రతినిధి జమీల్ బరూదీ దీనిని ఆక్షేపించారు. మత ప్రచారకుల వెనుకనే పరాయి పెత్తనం ప్రవేశించిన చరిత్రను ఆయన గుర్తుచేశారు. వలస పాలనను చవిచూసిన ప్రజలకు ఆ భయం నిరాధారమైనది కాదు. పాకిస్తాన్ విదేశాంగ మంత్రి సర్ జఫ్రుల్లా ఖాన్ మరొక మార్గాన వాదించారు. ఇస్లాం స్వయంగా ప్రచార ధర్మం. ఇతరులను తన వైపు పిలిచే హక్కు కోరే ధర్మం అదే హక్కును ఇతరులకు నిరాకరించజాలదు. విశ్వాసాన్ని మనిషి ఇష్టానికే విడిచిన సూరా కహఫ్ 29వ ఆయతును ఆయన ఆధారంగా చూపారు. అదే సమావేశాలలో బేగం షాయిస్తా ఇక్రాముల్లా వివాహ విషయంలో స్త్రీల హక్కులకై వాదించారు.

1973 రాజ్యాంగం 20వ అధికరణం ద్వారా ప్రతి పౌరునికీ తన మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. కాని అది చట్టానికి లోబడిన హక్కు. ఈ షరతు ఎంత బరువైనదో తరువాత తేలింది. 1974లో రెండవ రాజ్యాంగ సవరణ అహ్మదీయులను ముస్లిమేతరులుగా నిర్ణయించింది. 1984 నాటి 20వ ఆర్డినెన్సు వారు తమను ముస్లింలమని చెప్పుకొనుటను, అజాన్ ఇచ్చుటను మూడేండ్ల వరకు ఖైదు విధించదగిన నేరం చేసింది. జఫ్రుల్లా ఖాన్ ఆ వర్గానికి చెందినవారే. ఆయన కన్నుమూసిన 1985లోనే ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ఉపసంఘం ఈ ఆర్డినెన్సుపై తీవ్ర ఆందోళన తెలుపుతూ తీర్మానం చేసింది. 1993లో పాకిస్తాన్ సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది.

ఇక్కడ రెండు ప్రశ్నలను వేరుచేసి చూడాలి. ఒక వర్గపు విశ్వాసాలు సరియైనవా కావా అన్నది ఉలమాలు చర్చించే అఖీదా విషయం. ఆ విశ్వాసం గల పౌరునికి రాజ్యం ఖైదు విధించవచ్చునా అన్నది న్యాయ విషయం. మొదటిదానికి వచ్చిన జవాబు రెండవదానికి జవాబు కాజాలదు.

పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికను సమితి 1966లో ఆమోదించింది. ముస్లిం దేశాల అభ్యంతరాల వలన అందులో మతాన్ని ‘మార్చుకునే’ అను మాట పోయి ‘స్వీకరించే’ అను మాట చేరింది. పాకిస్తాన్ ఈ ఒడంబడికపై 2008లో సంతకం చేసి, 2010లో ధ్రువీకరించింది. అయితే 18వ అధికరణంతో సహా పలు అధికరణాలు రాజ్యాంగానికి, షరీఅత్ చట్టాలకు విరుద్ధం కానంతవరకే వర్తిస్తాయని షరతులు పెట్టింది. అనేక దేశాలు ఆక్షేపించగా, 2011లో చాలా షరతులను ఉపసంహరించింది. ఆ విధంగా 18వ అధికరణం షరతు లేకుండానే పాకిస్తాన్‌ను కట్టివేసింది. 2017లో జెనీవాలో మానవ హక్కుల కమిటీ ఎదుట ఈ ఒడంబడిక అమలుపై మొదటిసారిగా సంజాయిషీ చెప్పుకొన్నది.

ఇదంతా కాగితాల వ్యవహారమని కొట్టివేయరాదు. 2013లో పెషావరులో ఒక చర్చిపై జరిగిన ఘోర దాడి తరువాత, ప్రధాన న్యాయమూర్తి తసద్దుఖ్ హుసేన్ జిలానీ 2014 జూన్‌లో వెలువరించిన తీర్పు మత స్వేచ్ఛను విస్తృతార్థంలో వ్యాఖ్యానించి, అల్పసంఖ్యాకుల హక్కుల రక్షణకు జాతీయ మండలిని ఏర్పరచాలని ఆదేశించింది.

ఒప్పందాలను నెరవేర్చమని సూరా మాయిదా తొలి ఆయతే విశ్వాసులను ఆదేశిస్తున్నది. జెనీవాలో ఎవరో అడుగుతారని కాదు, మాట ఇచ్చినందుకే అది నిలుపదగినది. 1948లో ఖుర్ఆన్‌ను సాక్ష్యంగా చూపి ఓటు చేసిన దేశానికి ఆ బాధ్యత మరింత అధికం.