తొట్లకొండ పరిసర బౌద్ధ క్షేత్రాలు – ఒక్క పగటి కొండ నడకకు అనువైన ఎంపిక

విశాఖపట్నం నుండి భీమునిపట్నం వెళ్లే సాగరతీర రహదారికి ఒక ప్రక్క బంగాళాఖాతం, మరొక ప్రక్క తూర్పు కనుమల కొండల వరుస కనువిందు చేస్తాయి. సుమారు 2,000 సంవత్సరాల క్రితం బౌద్ధ భిక్షువులు ఆవాసంగా చేసుకున్న తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ ఈ వరుసలోనివే. ఉదయం బయలుదేరి సాయంత్రానికి నగరం చేరుకోదగిన దూరంలో ఉండడం వలన పగటి కొండ నడకకు ఇవి ఎంతో అనువైనవి. అయితే మూడింటినీ ఒకే రోజున చుట్టి రావాలనే తొందరలో ఏ ఒక్కదానినీ తీరికగా చూడలేకపోయేవారే అధికం. వయస్సు, ఆరోగ్యం, కాలం, ఆసక్తి దృష్టిలో ఉంచుకొని ఒకటి లేదా రెండు కొండలను ఎంచుకోవడం ఉత్తమం.

తొట్లకొండ

నగరానికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, మంగమారిపేట సమీపాన, సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఈ క్షేత్రం నెలకొని ఉంది. 1976లో భారత నౌకాదళం జరిపిన వైమానిక సర్వే సందర్భంగా ఇది వెలుగులోకి వచ్చింది. అనంతరం 1988 నుండి రాష్ట్ర పురావస్తు శాఖ చేపట్టిన తవ్వకాలలో సుమారు 120 ఎకరాల విస్తీర్ణంలో మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు, సమావేశ మందిరం, భోజనశాల, వంటశాల శిథిలాలు బయల్పడ్డాయి. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు లభించడం నాటి సముద్ర వ్యాపారానికి, ఈ ఆరామానికి గల సంబంధాన్ని తెలియజేస్తున్నది.

వాననీటిని నిల్వ చేసుకొనుటకు భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్ల వలననే ఈ కొండకు ఆ పేరు వచ్చింది. నీటి ఊట లేని కొండపై ఏడాది పొడవునా జీవనం సాగించిన తీరును ఈ తొట్లు చూపుతాయి. కొండపైకి వాహనాలు వెళ్లే మార్గం ఉన్నందున వృద్ధులు, పిల్లలు గల కుటుంబాలు పైవరకు వాహనంలో చేరి శిథిలాల మధ్య మాత్రమే నడవవచ్చును. నడక కోరేవారు దిగువ నుండే కాలినడకన ఎక్కితే, మలుపు మలుపునా సముద్రం మరికొంత విశాలంగా కనిపిస్తుంది. మొదటిసారి వచ్చేవారికి తొట్లకొండయే తగిన ఎంపిక.

బావికొండ

తొట్లకొండకు చేరువలోనే, తీరానికి కొంత లోపలగా బావికొండ ఉంది. ఇచ్చటి నీటి బావులను బట్టి ఈ పేరు ఏర్పడింది. 1982 – 87 మధ్య జరిగిన తవ్వకాలలో మహాచైత్యం, విహారాలతో పాటు పాత్రలో భద్రపరచిన అస్థిక వెలువడడంతో ఈ క్షేత్రం పండితుల దృష్టిని ఆకర్షించింది. సందడికి దూరంగా, చరిత్ర గురించి నిదానంగా ఆలోచించదలచిన వారికి, విద్యార్థి బృందాలకు ఇది అనుకూలం. ఉదయం తొట్లకొండ, మధ్యాహ్నం ఎండ తగ్గిన తరువాత బావికొండ చూడడం ఒక పగటికి సరిపోయే చక్కని క్రమం.

పావురాలకొండ

భీమునిపట్నం వద్ద గల పావురాలకొండను నరసింహస్వామి కొండ అని కూడా వ్యవహరిస్తారు. కొండ వాలున నరసింహస్వామి ఆలయం, పైభాగాన బౌద్ధ విహార శిథిలాలు, రాతిలో తొలిచిన 16 తొట్లు ఉన్నాయి. ఇతర రెండు కొండల కంటే ఇచ్చట నడకకే ప్రాధాన్యం. గోస్తనీ నది సముద్రంలో కలిసే దృశ్యం ఈ ప్రాంతానికి ప్రత్యేక ఆకర్షణ. కొండ దిగిన పిదప పట్టణంలోని డచ్చి వారి సమాధులను, దీపస్తంభాన్ని దర్శించి, తిరుగు ప్రయాణంలో జాతీయ భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఎర్రమట్టి దిబ్బలను చూడవచ్చును. కొండలెక్కే అలవాటు గల యువతీ యువకులకు ఈ మార్గం తగినది.

ఒక రోజు అదనంగా ఉన్నవారు అనకాపల్లి సమీపాన శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండలకు వెళ్లవచ్చును. 1907 – 08లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపిన ఈ క్షేత్రంలో కొండరాతినే మలచిన స్తూపాలు వరుసలుగా దర్శనమిస్తాయి. ఇది వేరొక దిశలో ఉన్నందున తీరంలోని కొండలతో కలిపి ఒకే రోజున చూడబూనడం తగదు.

కాలం – జాగ్రత్తలు

నవంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు కొండ నడకకు మేలైన కాలం. వేసవిలో తీరపు ఉక్కపోతకు రాతి వేడి తోడై వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది. శిథిలాల వద్ద నీడ స్వల్పం. కనుక సూర్యోదయ వేళకే నడక ప్రారంభించి, ఎండ ముదరక మునుపే దిగిరావడం క్షేమకరం. అక్టోబరు, నవంబరు నెలలలో తుపానుల హెచ్చరికలను గమనించిన పిమ్మటనే ప్రయాణం నిశ్చయించుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్నే తాకిన సంగతి మరువరాదు.

త్రాగునీరు వెంట తీసుకొని వెళ్లాలి. తొట్లలోని నీరు త్రాగుటకు పనికిరాదు. వాటి అంచులు జారుడుగా ఉంటాయి గనుక పిల్లలను దగ్గరకు పోనీయరాదు. పట్టు గల పాదరక్షలు ధరించడం, ఒంటరిగా కాక జట్టుగా నడవడం, చీకటి పడక ముందే దిగడం అవసరం. పొదలలోకి, రాళ్ల సందులలోకి వెళ్లరాదు.

కాపాడుకోవలసిన సంపద

వేల సంవత్సరాలు నిలిచిన ఈ కట్టడాలు ఎంత సున్నితమైనవో 2019 అక్టోబరులో స్పష్టమైంది. భారీ వర్షాలకు తొట్లకొండ మహాస్తూపం కొంత మేర కూలిపోయింది. ఇటుకల వరుసలపై ఒక్కరు ఎక్కిన నష్టం కంటికి కనిపించదు. వేలమంది ఎక్కినపుడు ఆ సందులలోనికి వాననీరు చేరి గోడ కదలుతుంది. ఛాయాచిత్రం కొరకు స్తూపంపై నిలబడడం, రాళ్లపై పేర్లు చెక్కడం, పెంకు ముక్కనైనా జ్ఞాపకంగా తీసుకుపోవడం ఈ సంపదకు చేటు తెచ్చే పనులు. ఏ పెంకు ఎక్కడ దొరికిందన్నదే చరిత్రకారునికి ఆధారం. చోటు మారిన పెంకు మూగబోతుంది.

తీసుకువెళ్లిన ప్లాస్టిక్ సీసాలను, సంచులను తిరిగి వెంట తెచ్చుకోవాలి. ఒక నాడు మౌనంగా ధ్యానం సాగిన ఈ కొండలపై నిశ్శబ్దాన్ని కూడా వారసత్వంగానే భావించి, చూసినంత చూసి, ఉన్నదానిని ఉన్నట్లే తరువాతి తరానికి విడిచిరావడం ప్రతి సందర్శకుని బాధ్యత.