అరవై అడుగుల ఆట

మా అబ్బాయి 2019 వసంతంలో, అంటే వాడి పదకొండో ఏట, రెండు బేస్‌బాల్ జట్లలో ఆడాడు. ఒకటి మా ఊరి లిటిల్ లీగ్ జట్టు. అందులో మా వీధి పిల్లలు, వాడి బడి పిల్లలు, పోస్టాఫీసులో పనిచేసే ఆయన కొడుకు, బంతి చూస్తే కళ్ళు మూసుకునే ఇంకొక పిల్లవాడూ ఉండేవారు. రెండోది ట్రావెల్ టీము. దానికి సెలెక్షన్లు, ఫీజులు, రెండు రంగుల యూనిఫారాలు, పేరు కుట్టిన సంచీ. గుంటూరులో మా అమ్మకి ఫోనులో ఈ తేడా చెప్పబోతే, "ఒకటి గవర్నమెంటు బడీ, ఒకటి కార్పొరేటు కాలేజీ అన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అంత సులువు కాదని నేను వాదించాను కానీ, చాలావరకు ఆవిడే రైటు.

ఈ దేశానికి వచ్చి పద్దెనిమిదేళ్ళయినా అప్పటికి నాకు ఈ ఆట చరిత్ర తెలియదు. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే, చెయ్యి తిప్పే తీరే వేరు అన్నంత వరకే నా జ్ఞానం. తర్వాత జరిగిన ఒక సంగతి వల్ల తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

1939 జూన్‌లో ఒక్క వారం తేడాలో రెండు ఘటనలు జరిగాయి. జూన్ 12న న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ తెరిచారు. 1839లో ఆబ్నర్ డబుల్‌డే అనే ఆయన అక్కడే ఈ ఆట కనిపెట్టాడన్న కథ ఆధారంగా ఆ ఊరిని ఎన్నుకున్నారు. ఆ కథ కట్టుకథ అని చరిత్రకారులు ఏనాడో తేల్చేశారు. అయినా ఊరు పుణ్యక్షేత్రమైపోయింది. మనకి కొత్తేమీ కాదులెండి, స్థలపురాణాలకి మనదగ్గర కొరతా?

రెండోది దానికంటే ఆరు రోజుల ముందు, జూన్ 6న, పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో జరిగింది. కార్ల్ స్టాట్జ్ అనే చిరుద్యోగి తన మేనల్లుళ్ళతో పెరట్లో బంతి ఆడుతూ పూలపొదలో కాలు ఇరుక్కుని పడ్డాడట. అలా కూర్చుని ఉన్నప్పుడే, పిల్లలకి వాళ్ళ కొలతలకు తగిన మైదానం, వాళ్ళ ఒంటికి సరిపడే యూనిఫారాలు ఎందుకు ఉండకూడదన్న ఆలోచన వచ్చిందట. పెద్దవాళ్ళ ఆటలో బేస్‌కీ బేస్‌కీ మధ్య తొంభై అడుగులు. స్టాట్జ్ మడిచిన న్యూస్‌పేపర్లు బేస్‌లుగా పరిచి, పిల్లల్ని పరిగెత్తించి, దూరం మార్చి మళ్ళీ పరిగెత్తించి, చివరికి అరవై అడుగుల దగ్గర ఆగాడు. ఇంజనీరునైన నాకు ఈ పద్ధతి భలే నచ్చింది. సిద్ధాంతం ఏమీ లేదు, కొలిచి చూసుకోవడమే. ఆ అరవై అడుగులు ఇప్పటికీ మారలేదు.

డబ్బు కోసం ఊళ్ళో యాభైకి పైగా గడపలు ఎక్కి దిగాడు. చివరికి ఒక పాలవ్యాపారం, ఒక కలప కంపెనీ, ఒక ప్రెట్జెల్ కంపెనీ ముందుకొచ్చాయి. మొదటి ఆటలో కలపవాళ్ళు పాలవాళ్ళని 23-8 తేడాతో చితక్కొట్టారు. మొత్తం మూడు జట్లు. దేశవ్యాప్త ఛాంపియన్‌షిప్ మాట అప్పటికి ఎవరికీ తోచలేదు.

అది తోచింది 1947లో. ఆ ఆగస్టులో విలియమ్స్‌పోర్ట్‌లో జరిగిన మొదటి నేషనల్ టోర్నమెంటుకి 'నేషనల్' అనే పేరు కాస్త ఎక్కువే. పెన్సిల్వేనియా బయటినుంచి వచ్చింది న్యూజెర్సీలోని హామంటన్ జట్టు ఒక్కటే. గెలిచింది కూడా విలియమ్స్‌పోర్ట్ జట్టే. కానీ పత్రికలు రాశాయి, న్యూస్‌రీళ్ళు తీశారు. దాంతో దేశమంతా లీగులు పుట్టుకొచ్చాయి. యు.ఎస్. రబ్బర్ కంపెనీ స్పాన్సరుగా వచ్చింది, అదే పోటీ వరల్డ్ సిరీస్ అయింది. స్టాట్జ్‌కి ఇది గొంతులో వెలక్కాయ పడినట్టయింది. ఊళ్ళో ఆట ముఖ్యమా, టోర్నమెంటు ముఖ్యమా అన్నదగ్గర బోర్డుతో తగువొచ్చింది. 1955లో కోర్టుకెక్కాడు, తర్వాత రాజీపడి బయటకొచ్చేశాడు. నది ఒడ్డున పాత మైదానంలోనే తన సొంత లీగు నడుపుకున్నాడు. 1992లో పోయేదాకా తను పెట్టిన సంస్థలోకి మళ్ళీ వెళ్ళలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఫౌండర్లని సాగనంపడం చూసినవాళ్ళకి ఈ కథ కొత్తగా అనిపించదు.

అదే 1955లో దక్షిణాదిన జరిగింది మాత్రం ఇంతకంటే చాలా పెద్ద సంగతి. సౌత్ కరొలైనా చార్ల్‌స్టన్‌లో కానన్ స్ట్రీట్ వై.ఎం.సి.ఎ. నల్లపిల్లల లీగు ఒకటి నడిపేది. వాళ్ళ ఆల్-స్టార్ జట్టు టోర్నమెంటుకి పేరిస్తే, వాళ్ళతో ఆడలేమని రాష్ట్రంలోని 61 తెల్ల లీగులూ తప్పుకున్నాయి. ఒక్క బంతి వెయ్యకుండానే కానన్ స్ట్రీట్ పిల్లలు స్టేట్ ఛాంపియన్లయ్యారు. ఇక్కడే రూలు అడ్డొచ్చింది. తర్వాతి మెట్టుకి వెళ్ళాలంటే ఆడి గెలవాలి, ఎదుటివాడు రాకపోతే వచ్చిన గెలుపు చాలదు! పిల్లల్ని అతిథులుగా విలియమ్స్‌పోర్ట్ పిలిచారు. మైదానంలో కాసేపు ప్రాక్టీసు చెయ్యనిచ్చారు. స్టాండ్స్‌లో జనం "ఆడనివ్వండి, ఆడనివ్వండి" అని అరిచారు. పెద్దలు ఆడనివ్వలేదు. పన్నెండేళ్ళ పిల్లలు గట్టున కూర్చుని తాము ఆడాల్సిన ఆట చూశారు. 2002లో వాళ్ళని మళ్ళీ పిలిచి గౌరవించారు. అప్పటికి వాళ్ళు అరవైకి దగ్గరపడ్డవాళ్ళు.

తప్పుకున్న లీగులు ఊరుకోలేదు. తెల్లపిల్లలకే పరిమితమని వేరే సంస్థ పెట్టుకున్నాయి. అదే తర్వాత డిక్సీ యూత్ అయింది. ఇప్పుడు అందరినీ చేర్చుకుంటుంది, ఇప్పటికీ నడుస్తోంది. అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌కి ఇన్ని సంస్థలెందుకని అడిగితే, మైదానం కొలతల గురించీ వయసు గురించీ చెబుతారు. అదీ నిజమే. 1951లో పెన్సిల్వేనియాలోని వాషింగ్టన్ అనే ఊళ్ళో పోనీ లీగు మొదలైంది పదమూడు, పద్నాలుగేళ్ళ వాళ్ళకి నడిమి కొలత మైదానం కావాలనే. అదే ఏడు న్యూజెర్సీలో మొదలై తర్వాత బేబ్ రూత్ పేరు పెట్టుకున్న లీగుకీ అదే కారణం. కానీ కారణాలన్నీ అడుగులూ అంగుళాలూ కావు.

ఆడపిల్లల కథా అలాంటిదే. 1950లో కాథరిన్ జాన్‌స్టన్ అనే అమ్మాయి మగపిల్లాడి వేషంలో జట్టులో చేరితే, మరుసటేడు ఆడపిల్లలు పనికిరారని రూలే రాశారు. 1972లో హోబోకెన్‌లో మరియా పెపే మూడు ఆటలాడగానే ఆపేశారు. కేసు న్యూజెర్సీలో గెలిచి, 1974లో ఫెడరల్ చార్టర్ మారేసరికి ఆ అమ్మాయికి వయసు దాటిపోయింది.

బయటి దేశాలు రావడంతో సిరీస్ రంగు మారింది. 1957లో మెక్సికోలోని మాంటెరే నుంచి వంతెన మీద నడిచి సరిహద్దు దాటి వచ్చిన పిల్లలు కప్పు పట్టుకుపోయారు. ఫైనల్‌లో ఏంజెల్ మసియాస్ ఎదుటి జట్టులో ఒక్కణ్ణి కూడా బేస్ చేరనివ్వలేదు. 1969 నుంచి తైవాన్ వంతు. 1996 లోపల పదిహేడుసార్లు గెలిచారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో స్థానం పోగొట్టుకున్న దేశానికి పన్నెండేళ్ళ పిల్లలు గెలిచిన కప్పే ఊరట. వాళ్ళ అయిదు వందల నోటు మీద ఇప్పటికీ బేస్‌బాల్ పిల్లలే గంతులేస్తూ కనిపిస్తారు. వరసగా నాలుగేళ్ళు ఓడాక 1975లో విదేశీ జట్లనే రావద్దన్నారు. నవ్వులపాలై మరుసటేడు తెరిచారు. 1997లో తైవాన్ తనే తప్పుకుని, తర్వాత మళ్ళీ వచ్చింది. పద్దెనిమిదో కప్పు కోసం 2025 దాకా ఆగాల్సి వచ్చింది.

లిటిల్ లీగ్‌కి ఒక మూలసూత్రం ఉంది: జట్టుకి ఎల్లలుంటాయి. ఫలానా వీధినుంచి ఫలానా వాగు దాకా ఉన్న పిల్లలే ఆడాలి. వచ్చిన ప్రతి పిల్లాణ్ణీ ఆడించాలి. సీజన్ అయ్యాక అందులోంచి ఆల్-స్టార్లని తీస్తారు. అంటే అక్కడ గెలిచేది పిల్లలు కాదు, ఒక పేట. అందుకే ఇందులో మోసాలన్నీ పొలిమేర గట్టు జరిపే మోసాలే, లేదా వయసు దాచడం. 1992లో ఫిలిప్పీన్స్‌లోని జాంబొవాంగా జట్టు వేరే ఊళ్ళ పిల్లల్ని కలిపి గెలిచి, కప్పు పోగొట్టుకుంది. 2001లో బ్రాంక్స్ జట్టు పిచర్ డానీ అల్మాంటేకి పన్నెండు కాదు, పద్నాలుగేళ్ళని బయటపడింది. 2014లో దేశమంతా మెచ్చుకున్న షికాగో జాకీ రాబిన్సన్ వెస్ట్ జట్టు అమెరికా టైటిల్‌ని, ఎల్లలు మార్చారని తర్వాతి ఫిబ్రవరిలో లాగేసుకున్నారు. ఈ మూడింట్లోనూ కాగితాలు చూసుకోవాల్సినవాళ్ళు పెద్దలు, టీవీలో కనిపించినవి పిల్లల మొహాలు.

ట్రావెల్ బాల్‌లో ఈ గొడవే లేదు, ఎందుకంటే ఎల్లలే లేవు. డబ్బు, కారు, శనాదివారాలు ఉంటే చాలు. 1968లో పెద్దల సాఫ్ట్‌బాల్ కోసం పెట్టిన సంస్థ ఒకటి పేరులో అక్షరాలు అవే ఉంచి, యు.ఎస్.ఎస్.ఎస్.ఎ.గానే పిల్లల టోర్నమెంట్లలోకి వచ్చింది. 1995లో అయోవాలో మొదలైన పర్ఫెక్ట్ గేమ్, కాలేజీ కోచ్‌ల కంటికి కుర్రాళ్ళని చూపించే వ్యాపారమైంది. 1996లో తెరిచిన కూపర్స్‌టౌన్ డ్రీమ్స్ పార్క్‌కి వేసవిలో వారానికి వందకు పైగా పన్నెండేళ్ళలోపు జట్లు వచ్చి బంక్ మంచాల మీద పడుకుని ఆడి వెళతాయి. ప్రతి సంస్థకీ ఒకటో నాలుగో 'వరల్డ్ సిరీస్'లు. కొన్ని టోర్నమెంట్లకి వాళ్ళు చెప్పిన హోటల్లోనే దిగాలన్న షరతు. విలియమ్స్‌పోర్ట్‌లో మాత్రం ఇప్పటికీ చూసేవాళ్ళకి టికెట్ లేదు.

ఈ రెండు తోవల తేడా మనవాళ్ళకి ఇంకోచోట బాగా తెలుసు. స్పెల్లింగ్ బీలో మొదట బడి, తర్వాత కౌంటీ, తర్వాత వాషింగ్టన్. 2018లో, మెట్టుమీద ఓడినవాళ్ళు సొంత ఖర్చుతో వచ్చేందుకు పక్కదారి ఒకటి తెరిచారు. ఆ ఏడు తన కౌంటీలో గెలవని కార్తీక్ నెమ్మాని ఆ దారినే వచ్చి, అక్కడ తనను ఓడించిన అమ్మాయినే ఫైనల్‌లో ఓడించి గెలిచాడు. ఆ ఏర్పాటు ఇప్పుడు లేదు. కౌంటీలో ఓడినవాడు దేశంలో గెలిచాడంటే తప్పు కౌంటీదా, పక్కదారిదా అని మా ఇంట్లో చాలా రోజులు వాదన నడిచింది. పక్కదారి లేకపోతే అంత ప్రతిభ మూలపడేదని మా ఆవిడ. డబ్బులేనివాడి ప్రతిభ మూలనే ఉందిగా అని నేను. అలా అన్నవాణ్ణే ట్రావెల్ టీముకి చెక్కు రాశాను.

ఇప్పుడు ఆ సంగతి. లిటిల్ లీగ్ 2007 నుంచి పిచర్ వేసే బంతులు లెక్కపెడుతోంది. పదకొండు, పన్నెండేళ్ళ వాళ్ళకి రోజుకి 85, వేసినన్నిటిని బట్టి విశ్రాంతి రోజులు. అంతకుముందు ఇన్నింగ్స్ లెక్కే ఉండేది. మావాడు మే నెలలో ఒక శనివారం ఉదయం లీగు ఆటలో 61 బంతులు వేశాడు. రూలు ప్రకారం మూడురోజులు విశ్రాంతి. ఆదివారం మధ్యాహ్నం ట్రావెల్ టోర్నమెంటులో మళ్ళీ వేశాడు. అక్కడ లెక్క ఇన్నింగ్స్‌లో, పైగా నిన్నటి ఆట వాళ్ళ పుస్తకంలో లేదు. ఇద్దరు కోచ్‌లూ తమ తమ రూలు తప్పలేదు. రెండు జట్ల లెక్కా దగ్గరున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అన్నీ స్ప్రెడ్‌షీటులో పెట్టుకునే అలవాటు కదా, ఆదివారం 48 కూడా రాసుకున్నాను. కింద మొత్తం 109 అని అదే కూడింది. చూశాను. ఫైనల్‌కి వెళ్ళామన్న సంబరంలో మూసేశాను.

బుధవారం వాడు పాలగ్లాసు ఎడమచేత్తో ఎత్తాడు. మోచెయ్యి దగ్గర ఎముక పెరిగే చోట వాపు అన్నారు డాక్టరు. దానికి పేరు లిటిల్ లీగర్స్ ఎల్బో అట. ఏ రూలుపుస్తకం ఆపబోయిందో దాని పేరే జబ్బుకి పెట్టారు. ఆ సీజన్‌లో ఇంక బంతి వెయ్యకూడదన్నారు.

ఆ ఆగస్టులో వాణ్ణి తీసుకుని విలియమ్స్‌పోర్ట్ వెళ్ళాను. ఫైనల్‌లో లూసియానా పిల్లలు క్యురసావ్‌ని 8-0తో ఓడించారు. మొదటి ఆటే ఓడి, ఆ తర్వాత ఇంక ఒక్కటీ ఓడకుండా వచ్చిన జట్టు అది. స్టేడియం వెనక గడ్డి గుట్ట మీదనుంచి వందలమంది పిల్లలు అట్టముక్కల మీద జారుతున్నారు. మావాడు ఆటకన్నా అదే ఎక్కువసేపు చూసి, కుడిచెయ్యి గుండెకి ఆనించుకుని తనూ నాలుగుసార్లు జారాడు.

వచ్చేటప్పుడు సస్క్వెహానా నది దాటి అవతలి ఒడ్డున స్టాట్జ్ పాత మైదానం దగ్గర ఆగాం. 1958 దాకా సిరీస్ జరిగింది అక్కడే. మనుషులెవరూ లేరు. వాడు కంచె ఇవతల గడ్డిలో ఒక చెట్టు దగ్గర నిలబడి, ఒక్కో అడుగూ కొలుస్తూ నడిచి, అరవై దగ్గర తన టోపీ పెట్టాడు. తర్వాత నన్ను టోపీ దగ్గర నిలబడమని, జేబులోంచి బంతి తీశాడు. నేను నోరు తెరిచేలోపే, "కుడిచెయ్యే కదా నాన్నా వద్దన్నారు" అని ఎడమచేత్తో విసిరాడు. అది నాకు పది అడుగుల పక్కనుంచి పోయి రోడ్డు మీద పడింది.